స్విచ్చి నొక్కితే ఫ్యాను అర సెకను కదిలి ఆగిపోతోంది: పోయింది ఎస్‌ఎంపీఎస్సా, మదర్‌బోర్డా?

ప్రశ్న (కరీంనగర్ డెస్క్‌టాప్)

నమస్తే అండి. నిన్న సాయంత్రం గాలివానకు కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్ ఆన్ అవడం లేదు. కొని రెండున్నరేళ్లయింది. ఐ5-10400 ప్రాసెసర్, హెచ్510 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యాములు రెండు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన వోల్టులకు మార్చే పవర్ సప్లై డబ్బా), 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ కార్డు లేదు.

వెనక స్విచ్చి వేస్తే బోర్డు మీద చిన్న లైటు వెలుగుతోంది. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ ఫ్యాను కాస్త కదిలి ఆగిపోతుంది. బీప్ లేదు, మానిటర్‌లో ఏమీ రాదు. మళ్లీ నొక్కితే ఫ్యాను అసలు కదలదు. గోడ ప్లగ్గు పీకి, ఓ నిమిషం ఆగి పెడితేనే మళ్లీ ఆ అర సెకను కదలిక.

ర్యాములు తీసి, రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూశాను. పవర్ కేబులు, గోడ సాకెట్టు మార్చాను. దగ్గర్లో షాపులో అడిగితే ఎస్‌ఎంపీఎస్, బోర్డు రెండూ మార్చెయ్యమన్నారు. నా దగ్గర మామూలు మల్టీమీటర్ ఉంది. ఏది పోయిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చా? ట్యాలీ లెక్కలన్నీ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయి, వాటి గురించి భయంగా ఉంది.

జవాబు (బోర్డు రిపేరు)

తేల్చుకోవచ్చండి. పూర్తిగా చచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయితే బోర్డు లైటు వెలగదు, ఫ్యాను ఆ కాస్త కూడా కదలదు. అంతకంటే పెద్ద ఆనవాలు, ప్లగ్గు పీకి పెడితేగానీ రెండోసారి స్పందించకపోవడం. 12 వోల్టుల లైను ఎక్కడో గ్రౌండుకు కలిసిపోతే (దీన్నే షార్ట్ అంటారు) ఎస్‌ఎంపీఎస్ దాన్ని పసిగట్టి తనంతట తాను ఆగిపోతుంది. చాలావాటిలో ఆ రక్షణ ఒకసారి పడిందంటే కరెంటు తీసేసేదాకా వదలదు. కాబట్టి ముందు షార్ట్ ఎక్కడుందో వెతకాలి. అది తేలకుండా కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలిస్తే అదీ ఇలాగే ఆగిపోతుంది, డబ్బు దండగ. ఊరికే బటన్ నొక్కుతూ ఉండకండి, నొక్కిన ప్రతిసారీ ఆ షార్ట్ గుండా పెద్ద కరెంటు పోతుంది.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు లైటు ఆరాకే చెయ్యి పెట్టండి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్‌ల కరెంటు తీగలు, కేబినెట్ ఫ్యాన్లు, ముందువైపు యూఎస్‌బీ తీగ, వెనక ల్యాన్ కేబులు, కీబోర్డు, మౌసు అన్నీ పీకెయ్యండి. ముందువైపు యూఎస్‌బీ రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. లోపలి పలుచటి రేకులు వంగి ఒకదానికొకటి తగిలినా బోర్డు ఆన్ అవకుండా మొరాయించవచ్చు. పవర్ బటన్ తీగ కూడా తీసి, బోర్డు మీద పీడబ్ల్యూఆర్ ఎస్‌డబ్ల్యూ అని అచ్చువేసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. బటనే నొక్కుకుపోయి ఇరుక్కుందేమో దీంతో తేలిపోతుంది.

అప్పటికీ అదే తీరైతే, మళ్లీ ప్లగ్గు పీకి, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నుల కనెక్టర్ (కొన్ని బోర్డుల్లో 4 పిన్నులే) ఒక్కటే తీసెయ్యండి. 24 పిన్నులది (బోర్డుకు ప్రధాన కరెంటు ఇచ్చే పెద్ద కనెక్టర్) అలాగే ఉంచి ఆన్ చెయ్యండి. కంప్యూటర్ ఎలాగూ లేవదు. ఫ్యాను ఆగకుండా తిరుగుతుందా లేదా అన్నదే చూడాలి. తిరిగితే షార్ట్ ప్రాసెసర్‌కు కరెంటిచ్చే భాగంలో ఉన్నట్టు. అప్పుడూ ఆగిపోతే తప్పు 24 పిన్నుల వైపు ఉంది, లేదా ఎస్‌ఎంపీఎస్‌లోనే ఉంది.

జవాబు (పవర్ సప్లై)

పైన చెప్పింది నిజమే. అయినా ఎస్‌ఎంపీఎస్‌ను కొలవకుండా మంచిదని వదిలెయ్యకండి. లైటు వెలిగినంత మాత్రాన స్టాండ్‌బై వోల్టేజి (ఆన్ చెయ్యకముందే బోర్డుకు అందే 5 వోల్టులు) సరిగ్గా ఉందనుకోలేం. 4 వోల్టులకు పడిపోయినా ఆ లైటు వెలుగుతుంది.

24 పిన్నుల కనెక్టర్ బోర్డుకు తగిలించే ఉంచి, వెనక స్విచ్చి మాత్రం వేసి, ఊదా రంగు తీగ వెనక నుంచి ఎర్ర ప్రోబ్ దూర్చండి. నల్ల ప్రోబ్ కేబినెట్ రేకుకు. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి.

తర్వాత ప్లగ్గు పీకి, కనెక్టర్లన్నీ బోర్డు నుంచి తీసెయ్యండి. 24 పిన్నులదాంట్లో పచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్నీ, పక్కనున్న నల్ల తీగనీ జెమ్ క్లిప్పుతో కలపండి. తీగలన్నీ నలుపే అయితే క్లిప్పు కొక్కెం ఉన్న వరస చూడండి. అందులో ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది. దానికి ఒక పక్క నాలుగు తీగలు, ఇంకో పక్క ఏడు. ఏడున్న పక్క, ఖాళీ నుంచి లెక్కపెడితే నాలుగోదే పచ్చ తీగ స్థానం. మధ్యలో మూడూ గ్రౌండే, దేనితో కలిపినా ఫర్వాలేదు. ఊదా తీగ స్థానం ఎదుటి వరసలో, నాలుగున్న పక్క ఖాళీని ఆనుకున్న తీగకు సరిగ్గా ఎదురుగా.

క్లిప్పు పెట్టాకే ప్లగ్గు పెట్టండి. ఉత్తినే కొలిస్తే లాభం లేదు, కనీసం ఒక కేబినెట్ ఫ్యానో పాత హార్డ్ డిస్కో తగిలించి కొలవండి. పసుపు తీగ 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. కొన్ని ఖరీదైన ఎస్‌ఎంపీఎస్‌ల ఫ్యాను లోడు లేకపోతే తిరగదు, ఫ్యాను చూసి తీర్పు చెప్పొద్దు, మీటరు చెప్పిందే మాట.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్ 300 వోల్టులు దాటి చార్జ్ అయి ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా అది వెంటనే దిగిపోతుందని నమ్మలేం.

జవాబు (డేటా భద్రం)

ట్యాలీ లెక్కల గురించి: 12 వోల్టుల లైను షార్టయి ఎస్‌ఎంపీఎస్ ఆగిపోతే ఎస్‌ఎస్‌డీకి హాని జరగడం అరుదు, సాటా ఎస్‌ఎస్‌డీలు 5 వోల్టులతో నడుస్తాయి. రిపేరు పనులకు ముందే దాన్ని తీసి పక్కన పెట్టండి, షాపుకు బోర్డు ఇచ్చినా ఎస్‌ఎస్‌డీ ఇవ్వనక్కర్లేదు. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే తీగ ఒకటి కొని ఏ ల్యాప్‌టాప్‌కైనా పెట్టండి. ట్యాలీ డేటా ఫోల్డరు ఎక్కడ పెట్టుకున్నారో గుర్తు తెచ్చుకుని, ఫోల్డరు మొత్తం కాపీ చెయ్యండి, విడి ఫైళ్లు ఏరుకోవద్దు.

విండోస్ 11 వాడుతూ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే డ్రైవు బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండొచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్‌కు పెట్టినా, బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోన్‌లో అదే ఖాతాతో మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటుకు వెళ్లి డివైజుల కింద వెతికితే కనిపిస్తుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. సీమాస్ సెల్లు (బోర్డు సెట్టింగులను నిలిపి ఉంచే బిళ్ల సెల్లు) తీసి రీసెట్ చేసినా కొన్నిసార్లు ఇదే కీ అడుగుతుంది. అందుకే ఆ ప్రయోగం కీ చేతిలో ఉన్నాకే.

కరీంనగర్ డెస్క్‌టాప్

చాలా థ్యాంక్స్ అండి. అన్నీ చేశాను. ఊదా తీగ 5.06. క్లిప్పు పెట్టి, ఫ్యాను ఒకటి తగిలించి కొలిస్తే పసుపు 12.08, ఎరుపు 5.03, నారింజ 3.33. అన్నీ పీకేసి స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేసినా అదే అర సెకను. 8 పిన్నుల కనెక్టర్ తీసేస్తే మాత్రం ఫ్యాను నిలకడగా తిరుగుతోంది.

జవాబు (బోర్డు రిపేరు)

అయితే ఎస్‌ఎంపీఎస్ జోలికి పోనక్కర్లేదు. ఇక కరెంటు లేకుండా కొలవాల్సినవి.

మీటరు 200 ఓముల మీద పెట్టి ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించండి. 0.2, 0.3 అలా ఏదో చూపిస్తుంది, అది తీగలదే. ప్రతి లెక్కలోంచీ దాన్ని తీసెయ్యాలి. ఇప్పుడు బోర్డు మీది 8 పిన్నుల సాకెట్లో, కొక్కెం పట్టే వైపు వరస 12 వోల్టులది, అవతలి వరస గ్రౌండు. ఆ రెండింటి మధ్య కొలవండి. బాగున్న బోర్డయితే అంకె పెరుగుతూ పోయి వందల ఓములో, కిలో ఓములో చూపుతుంది (రేంజి దాటితే మీటరు 1 అని చూపిస్తుంది, అప్పుడు పై రేంజికి మార్చండి). ఒక ఓము లోపే ఆగిపోతే షార్టే.

అంతటితో ఆగకుండా ప్రాసెసర్ తీసి మళ్లీ కొలవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. హీట్‌సింక్‌ను నేరుగా పైకి లాగకుండా కాస్త అటూ ఇటూ తిప్పి వదులు చేసి తియ్యండి. లీవర్ ఎత్తి ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని తియ్యండి. సాకెట్ పిన్నులకు వేలుగానీ గుడ్డగానీ తగలకూడదు. ఒక్క పిన్ను వంగినా వారంటీ పోతుంది.

సాకెట్ చుట్టూ చదరపు బూడిద రంగు కాయిల్స్ వరసగా ఉంటాయి. ప్రాసెసర్ ఉండగా కాయిల్‌కూ గ్రౌండుకూ మధ్య కొలిస్తే ఓమూ అరా ఉండటం మామూలే, దాన్ని చూసి షార్ట్ అనుకోకండి. ప్రాసెసర్ తీశాక రెండు లెక్కలు కావాలి: 12 వోల్టుల వరసకూ గ్రౌండుకూ మధ్య ఎంత, 12 వోల్టుల వరసకూ కాయిల్‌కూ మధ్య ఎంత.

కరీంనగర్ డెస్క్‌టాప్

ప్రోబులు తాకిస్తే 0.3. ప్రాసెసర్ ఉండగా 12 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య 0.9, అంటే 0.6. ప్రాసెసర్ తీశాక అదే చోట 410 ఓములు. 12 వోల్టులకూ కాయిల్‌కూ మధ్య 0.4, అంటే 0.1. ప్రాసెసర్ దగ్గరున్న కాయిల్స్ అన్నింటిదీ ఇంతే, ఒకే ఒక్కటి మాత్రం వేరుగా ఉంది.

జవాబు (బోర్డు రిపేరు)

తేలిపోయింది. ప్రాసెసర్ తీయగానే గ్రౌండు షార్ట్ మాయమైంది, కానీ 12 వోల్టులూ కాయిల్సూ కలిసే ఉన్నాయి. ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఫేజుల్లో (ఆ పనిని పంచుకునే విడి సర్క్యూట్లలో) ఒకదాని పైవైపు మాస్‌ఫెట్ షార్టయింది. 12 వోల్టులను ఒక వోల్టు చుట్టుపక్కలకు దించి ప్రాసెసర్‌కు అందించే స్విచ్చి అది. అది అతుక్కుపోతే 12 వోల్టులు నేరుగా ప్రాసెసర్ వైపు వెళ్లే ప్రయత్నం చేస్తాయి, ఎస్‌ఎంపీఎస్ వెంటనే ఆపేస్తుంది. మీరు చూసిన అర సెకను అదే. కాయిల్స్ అన్నీ ఒకేలా చూపించడం సహజమే, అవతలి చివర్లు అన్నీ ఒకే రాగి పొర మీద కలుస్తాయి. వేరుగా ఉన్నది లోపలి గ్రాఫిక్స్‌కు ఇచ్చేదై ఉంటుంది.

ప్రాసెసర్ తీశాక కూడా గ్రౌండు షార్ట్ అలాగే ఉండి, కాయిల్స్‌తో కలవకపోయి ఉంటే 12 వోల్టుల లైను మీది చిన్న సిరామిక్ కెపాసిటర్ పోయిందని అర్థం. అది చవక రిపేరు, ప్రాసెసర్‌కూ భయం ఉండేది కాదు. మీ విషయంలో ప్రాసెసర్ బతికుందో లేదో మీటరుతో చెప్పలేం. ఎస్‌ఎంపీఎస్ త్వరగా ఆగడం వల్ల బతికిపోయినవీ ఉంటాయి, పోయినవీ ఉంటాయి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను: ఈ బోర్డులో ఇంకో మంచి ప్రాసెసర్ పెట్టి చూడనివ్వకండి, ఎవరి దగ్గరైనా సరే.

జవాబు (పవర్ సప్లై)

బోర్డులకు మన దగ్గర సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తారు. మీకు రెండున్నరేళ్లే కాబట్టి బిల్లు వెతకండి. ఎవరితోనూ వేడి గాలి పెట్టించొద్దు, టంకం వేసిన గుర్తు కనిపిస్తే వారంటీ ఇవ్వరు. సాకెట్ మీద మొదట వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూత ఉంటే తప్పకుండా పెట్టి ఇవ్వండి. ఇచ్చే ముందు సాకెట్ పిన్నులూ సీరియల్ నంబరూ స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసుకోండి, పిన్నులు వంగాయన్న వాదన వస్తే అవే సాక్ష్యం. ప్రాసెసర్ డబ్బాలో కొన్నదైతే దానికీ మూడేళ్లు ఉంటుంది, విడిగా అడగండి.

వారంటీ దాటి ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చిప్ లెవెల్ పని (బోర్డు మీది చిన్న భాగాలను విడిగా మార్చే రిపేరు) చేసేవాళ్లు దొరుకుతారు. ఈ ప్రశ్నలో మీరు రాసిన అంకెలు యథాతథంగా వాళ్లకు చూపిస్తే చాలు, వెతికే కూలి మిగులుతుంది.

కొత్త బోర్డే కొనాల్సి వస్తే ఎల్‌జీఏ 1200 సాకెట్ అని అడగండి: హెచ్510, బీ560 సరిపోతాయి. హెచ్610 పట్టదు, దాని సాకెట్ వేరు. బీ560 తీసుకుంటే, ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డు మీద బిగించే గాడి) మీది లాంటి పదో తరం ప్రాసెసర్‌తో పనిచెయ్యదు. మీది సాటా కాబట్టి ఇప్పటికి ఇబ్బంది లేదు, రేపు ఎన్‌వీఎంఈ (ఆ గాడిలో పెట్టే వేగమైన ఎస్‌ఎస్‌డీ) కొంటే రెండో స్లాటులో పెట్టాలి.

సాకెట్టులో ఎర్త్ ఉందో లేదో కూడా చూడండి. ఏసీ 750 వోల్టుల రేంజిలో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంతే, 230 దరిదాపుల్లో, రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. గాలివాన మొదలైందంటే స్విచ్చి ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గూ ల్యాన్ కేబులూ రెండూ పీకాలి.

కొత్త బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యాములను సరిచూసుకుంటూ తెర నల్లగానే ఉండి, ఒకటి రెండుసార్లు తనంతట తానే ఆగి లేవొచ్చు. పాతదే మళ్లీ మొదలైందనుకుని కంగారులో కరెంటు తీసెయ్యకండి, రెండు నిమిషాలు ఆగండి.