బిల్లుల లిస్టుకి పేజీలు బెటరా, స్క్రోల్ బెటరా?

కోడ్‌కూలీ:
మందుల హోల్‌సేల్ వాళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. బిల్లుల టేబుల్లో ఇప్పటికే ఆరేడు లక్షల వరసలున్నాయి, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పేజీకి 50 చొప్పున చూపిస్తున్నాం. ముందు పేజీలు టకటకా వస్తాయి, పాత బిల్లుల వైపు పోయేకొద్దీ నత్తనడక. మేనేజరేమో పేజీలు తీసేసి, కిందకి జరుపుతుంటే వస్తూనే ఉండేలా పెట్టమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, మీరేమంటారు?

డీబీ_పిచ్చోడు:
బ్రో, స్క్రోల్ పెట్టినా లోపల ఆఫ్‌సెట్టే, అంటే "ముందు ఇన్ని వరసలు వదిలేసి తర్వాతవి ఇవ్వు" అనడమే వాడితే నత్త నత్తే. ఆఫ్‌సెట్ 5,00,000 అన్నావంటే డేటాబేస్ ఆ ఐదు లక్షలూ తీసి, పక్కన పారేసి, అప్పుడు నీ 50 ఇస్తుంది. సేల్స్‌ఫోర్స్ క్వెరీల్లో ఆఫ్‌సెట్ 2,000 దాటనివ్వరు, వెతుకులాటకి వాడే ఎలాస్టిక్‌సెర్చ్ సెట్టింగ్ మార్చకపోతే 10,000 దగ్గర ఆపేస్తుంది, ఊరికే కాదు. చివరి వరస తేదీ, ఐడీ పట్టుకుని "వీటికంటే పాతవి 50 ఇవ్వు" అని అడుగు, రెండిటికీ కలిపి ఇండెక్స్ (పుస్తకం వెనక సూచిక లాంటిది, వెతకడం తేలికవుతుంది) వెయ్యి. ఒట్టి తేదీ చాలదు, ఒకే రోజు వందల బిల్లులుంటే మధ్యలో కొన్ని ఎగిరిపోతాయి.

లెక్కల_అక్క:
నేను కోడ్ రాసేదాన్ని కాదు, రోజంతా ఈ స్క్రీన్ల ముందు కూర్చునేదాన్ని. స్క్రోల్ మాత్రం వద్దు బాబూ. జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను) వేసే ముందు ఒక్కో బిల్లూ సరిచూస్తాం, 11వ పేజీ దాకా అయిందని కాగితం మీద రాసుకుని భోజనానికి లేస్తాం. స్క్రోల్‌లో తిరిగొచ్చాక ఎక్కడున్నానో ఎలా తెలుస్తుంది? ఒక బిల్లు తెరిచి వెనక్కొస్తే మళ్లీ మొదటికి. అడుగున టోటల్ చూద్దామంటే అది కనపడేలోపు ఇంకో 50 వచ్చి కిందకి తోసేస్తాయి.

డీబీ_పిచ్చోడు:
అక్కా, మీరు భోంచేసి వచ్చేలోపు కౌంటర్లో ఇంకో పదిహేను బిల్లులు కొడతారు. అవి పైన చేరితే, మీరు 12 తెరవగానే టిక్కు పెట్టేసినవే మళ్లీ కనిపిస్తాయి. ఎవరైనా రద్దు చేసి అవి లిస్టులోంచి పోతే ఇంకా ఘోరం, చూడనివి కొన్ని పై పేజీలోకి జరిగిపోతాయి, మీరు చూడకుండానే దాటేస్తారు. పేజీ నంబర్ కాదు, బిల్లు నంబర్ రాసుకోండి.

లెక్కల_అక్క:
రిటర్ను గత నెలది కదయ్యా! తేదీలు పెట్టుకునే చూస్తాం. అయిపోయిన నెలలోకి కొత్త బిల్లులెలా వస్తాయి?

పాతకాపు:
అక్క మాటలోనే ఉంది జవాబు, మీరిద్దరూ గమనించట్లేదు. ఆరు లక్షల వరసలు ఎవరూ చదవరు, ఒక నెలో ఒక పార్టీనో వెతుక్కుంటారు. స్క్రీన్ తెరవగానే ఈ నెల తేదీలు ముందే పెట్టి ఉంచు తమ్ముడూ. అప్పుడు మిగిలేవి కొన్ని వేలు, తేదీ మీద ఇండెక్స్ ఉంటే వాటికి ఆఫ్‌సెట్ కూడా చాలు, పేజీ నంబర్లూ పోవు. వ్యాపార సాఫ్ట్‌వేర్ ఓడూ లిస్టు పేజీకి 80 వరసలతో, వెబ్‌సైట్లు కట్టే జాంగోలోని అడ్మిన్ స్క్రీన్ 100తో మొదలవుతాయి, వాటితో ఎన్నో వ్యాపారాలు నడుస్తున్నాయి. ఇక "మొత్తం 6 లక్షల చిల్లర" అని పైన చూపించే సరదా మానుకో. పోస్ట్‌గ్రెస్ ఆ లెక్క రెడీగా పెట్టుకోదు, అడిగిన ప్రతిసారీ లెక్కపెడుతుంది. తేదీలు తీసేసి అన్నీ చూస్తామంటే అప్పుడు పిచ్చోడు చెప్పిన పద్ధతి, "తర్వాతవి" బటన్ ఒక్కటి పెట్టి.

రియాక్ట్_రౌడీ:
వర్చువల్ గ్రిడ్ ఉండగా ఇంత గొడవేంటి? మొత్తం బ్రౌజర్లోకి దించేసి కనపడే వరసలే గీస్తే సరి.

పాతకాపు:
షాపులో నాలుగు జీబీ ర్యామ్ మెషీన్ మీద దించి చూపించు. గీయని వరసల్ని బ్రౌజర్ కంట్రోల్-ఎఫ్ పట్టుకోదు, అక్క ఫోన్ నీకే చేస్తుంది.

లెక్కల_అక్క:
తప్పకుండా చేస్తా 😄 ఎక్సెల్ బటన్ కూడా తీసెయ్యకండి.

కోడ్‌కూలీ:
తేదీలు ముందే పెట్టి, పేజీలు ఉంచేస్తా. గూగుల్ సెర్చే 2024లో ఎడతెగని స్క్రోల్ తీసేసి పేజీల్లోకొచ్చిందని మేనేజర్‌కి చెప్తా. కానీ పార్టీల బాకీల లిస్టుకి తేదీ లేదు, బాకీ ఎక్కువున్నవాళ్లు పైన రావాలంటారు, ఆ బాకీ ఏమో అప్పటికప్పుడు కూడేది. దానికి ఇండెక్స్ ఎక్కడ వెయ్యాలి?

డీబీ_పిచ్చోడు:
కూడిన బాకీని పార్టీ వరసలోనే ఒక కాలమ్‌లో పెట్టి, బిల్లూ రసీదూ పడ్డప్పుడల్లా అదే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (పడితే రెండూ పడాలి, లేదంటే ఏదీ పడకూడదు) మార్చు. అయినా పార్టీలు ఎంతమంది, రెండు మూడు వేలేగా? అంతకైతే ఇండెక్స్ గొడవే వద్దు, కాలమ్ మీద సార్ట్ చేసెయ్.