అప్‌డేట్: ట్రినిటీ వాళ్లు ఎస్‌సీఏసీని ఎందుకు వదిలారు?

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ విశ్వవిద్యాలయం 2025లో ఎస్‌సీఏసీ (సదరన్ కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్) నుంచి ఎస్‌ఏఏ (సదరన్ అథ్లెటిక్ అసోసియేషన్)కు ఎందుకు మారిందని ఇంతకుముందు అడిగాను. ఈ రెండూ కాన్ఫరెన్స్‌లు, అంటే తమలో తాము ఆటల పోటీలు పెట్టుకునే కళాశాలల కూటములు. అప్పుడు దాన్ని ఫిరాయింపు అనుకున్నాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పాత చరిత్ర చదివాక నా ఆలోచనే మారింది. 2011లో రోడ్స్, సెంటర్, హెండ్రిక్స్, సెవానీ సహా ఏడు కళాశాలలు ఎస్‌సీఏసీ నుంచి ఒక్కసారిగా తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి. బెర్రీ కళాశాలను కలుపుకొని 2012లో ఎస్‌ఏఏగా ఆట మొదలుపెట్టాయి. టెక్సస్‌లోని ట్రినిటీ, సౌత్‌వెస్టర్న్ ఎస్‌సీఏసీలోనే మిగిలిపోయాయి. ఇప్పుడు ఆ రెండూ పాత మిత్రులనే చేరుకున్నాయి. కాబట్టి దీన్ని ఫిరాయింపు అనడం నాకు అన్యాయంగా తోస్తోంది.

ఈ కళాశాలలు ఆడేది అమెరికా కళాశాల క్రీడల్లో మూడో శ్రేణి అయిన డివిజన్ త్రీలో. అక్కడ క్రీడా ఉపకార వేతనాలు ఉండవు. విజేత జట్టుకు జాతీయ పోటీల్లో నేరుగా చోటు దక్కాలంటే కాన్ఫరెన్స్‌లో కనీస సంఖ్యలో సభ్యులుండాలి. అందుకే ఒక్క కళాశాల కదిలినా మిగతావాటికి గుబులే.

నన్ను బాగా కదిలించింది మాత్రం బర్మింగ్‌హామ్ సదరన్ కళాశాల కథ. 2011లో తప్పుకున్న ఆ ఏడింటిలో అదీ ఒకటి. 2024 మే 31న కళాశాల మూతపడింది. అదే రోజు దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో జాతీయ పోటీల చివరి దశలో ఆడుతోంది! కళాశాలే లేకపోయినా ఆ పిల్లలు మైదానం వదల్లేదు.

ఇక ఎస్‌ఏఏ ఆటల కోసం మెంఫిస్ (రోడ్స్ ఉన్న ఊరు), కెంటకీ (సెంటర్ ఉన్న రాష్ట్రం) దాకా చేసే ప్రయాణాల వల్ల చదువుకు ఎంత ఇబ్బందో, ట్రినిటీలో ఆడుతున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే చెప్పండి.