1950ల అమెరికాలో స్టోర్ మోడళ్ల పని ఎలా ఉండేది?

ప్రశ్న: న్యూయార్క్ పత్రికల మోడళ్ల సంగతి కాదు. డాలస్, చికాగోల్లో డిపార్ట్‌మెంట్ స్టోర్లకు పనిచేసినవాళ్లు రోజూ ఏం చేసేవారు? సామాను ఎవరిది?

జవాబు 1: స్టోర్ భోజనశాలలో పని బాగా ఉండేది. డాలస్‌లో నీమన్ మార్కస్ స్టోర్ వాళ్ల జోడియాక్ రూమ్ (1953) లాంటి చోట్ల భోజనాల వేళ అమ్మకానికున్న డ్రెస్ వేసుకుని బల్లల మధ్య నడవాలి. అడిగితే బట్ట రకం, ధర, దొరికే అంతస్తు చెప్పాలి. వేసుకునే డ్రెస్ మాత్రం స్టోర్‌ది, మిగతావి చాలావరకు సొంతం. గుండ్రటి టోపీ పెట్టెలో నలుపు, లేత రంగు హీల్స్, పొట్టి, పొడుగు గ్లవ్స్, గర్డిల్ (నడుము బిగించే లోదుస్తు), స్లిప్ (డ్రెస్ లోపల వేసే పల్చటి లోగౌను), అదనపు మేజోళ్లు, పిన్నీసులు సర్దుకునేవారు.

జవాబు 2: అసలు కష్టమంతా బట్టలు మార్చడంలోనే. అవి అమ్మకానివి, మరక పడకూడదు. లిప్‌స్టిక్ అంటకుండా ముఖం మీద పల్చటి షిఫాన్ స్కార్ఫ్ కప్పుకుని, డ్రెస్ తలమీదుగా దించి, తర్వాత స్కార్ఫ్ లాగేయాలి. చెమటకు చంకల్లో గుడ్డ ప్యాడ్లు. స్టోర్ ఇచ్చిన కొత్త బూట్లయితే గీతలు పడకుండా అడుగున మాస్కింగ్ టేప్ (కాగితపు టేప్), అదీ అంచుకు కాస్త లోపలికే కత్తిరించాలి. బయటికొస్తే కార్పెట్‌కు పట్టుకుంటుంది. గ్లవ్స్ చివర్న. ముందే తొడిగితే వేళ్లకు హుక్కులు అందవు. మేజోళ్ల వెనక కుట్టు వంకర పోయిందేమో చూసుకోకుండా మాత్రం బయటికి రాకూడదు!

జవాబు 3: డబ్బు సంగతి కూడా చెప్పాలి. మోడళ్లకు పని కుదిర్చే ఏజెన్సీ ద్వారా వెళ్తే కమిషన్ పోతుంది, క్లయింట్లు ఆలస్యంగా ఇస్తారు. అందుకే న్యూయార్క్‌లో 1946లో మొదలైన ఫోర్డ్ ఏజెన్సీ, క్లయింట్ చెల్లించకముందే వోచర్ (చేసిన పనికి రాసిన చీటీ) మీద మోడల్‌కు డబ్బిచ్చే పద్ధతి పెట్టింది. నల్లజాతి అమ్మాయిలకైతే పెద్ద స్టోర్ల తలుపులు దాదాపు మూసే ఉండేవి, అది ఘోరమైన అన్యాయం. 1958లో మొదలైన ఎబొనీ ఫ్యాషన్ ఫెయిర్ (నల్లజాతివారి పత్రిక ఎబొనీ పేరిట ఊళ్లు తిరిగే ఫ్యాషన్ షో) వాళ్లను ఊరూరా వేదికెక్కించింది.