పియర్ పండు జామకాయలా కనిపించకుండా ఎలా గీయాలి?

ఇంగ్లీషులో జంటకూ పియర్ పండుకూ వాడే మాటల ఉచ్చారణ ఒక్కటే కావడంతో, ఆ చమత్కారం ఆధారంగా మా అక్కాబావల పెళ్లిరోజు కోసం, కర్నూలు కొండారెడ్డి బురుజు నేపథ్యంలో ఒకదానిపై ఒకటి వాలిన రెండు పండ్లను ఏ4 పరిమాణపు 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితంపై నీటిరంగులతో చిత్రిస్తున్నాను. కింద ‘పర్‌ఫెక్ట్ పెయిర్’ అని మాత్రమే ఉంటుంది.

అయితే ఇక్కడ చూసినవారందరూ వాటిని జామకాయలనే అంటున్నారు. మెడను సన్నగా సాగదీశాను, తొడిమను పొడవుగా వంచాను, ఆకుపచ్చకు బదులు పసుపు వేసి గోధుమరంగు చుక్కలు పెట్టాను. చుక్కల వల్ల మాగిన జామపండు పోలికే పెరిగింది. కళ్లూ చేతులూ గీయడం నాకు ఇష్టం లేదు, వాలిన తీరులోనే ప్రేమ తెలియాలి.

పండు పేరు రాయకుండా, ఆకారంలో గానీ రంగులో గానీ ఏ మార్పు చేస్తే అది పియర్ అని చూడగానే తెలుస్తుంది?