చిటికెన వేలు తిమ్మిరి, రిస్ట్ బ్యాండ్ పెట్టినా తగ్గట్లేదు

ఉప్పల్_కుర్రాడు:
కుడి చేతి చిటికెన వేలు, పక్కనున్న ఉంగరం వేలు సగం తిమ్మిరెక్కుతున్నాయి. పొద్దున లేచేసరికి మరీ ఎక్కువ. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఫోన్ చూసుకుంటూ వెళ్తే దిగేటప్పటికి ఆ రెండు వేళ్లకీ స్పర్శ ఉండదు. ఆఫీసులో అందరూ కార్పల్ టన్నెల్, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం అంటున్నారు, మెడికల్ షాపతను మణికట్టుకు బ్యాండ్ ఇచ్చాడు, ఏం తేడా లేదు. ఆపరేషన్ దాకా వెళ్తుందేమోనని టెన్షన్. ఫిజియోథెరపీతో తగ్గుతుందా?

ఫిజియో_దిల్‌సుఖ్‌నగర్:
చిటికెన వేలంటే కార్పల్ టన్నెల్ కాకపోవచ్చండీ. అందులో నలిగేది మీడియన్ నరం, దాని వాటా బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం. మిగతా సగం, చిటికెన వేలు అల్నార్ నరానివి. అది ఎక్కువగా నొక్కుకుపోయేది మోచేతి లోపలి వైపు, ఎక్కడైనా తగిలితే షాక్ కొట్టినట్టు జివ్వుమంటుందే, అక్కడ. మోచేయి మడిచినప్పుడల్లా ఆ నరం సాగుతుంది, దాని దారి ఇరుకవుతుంది. మెట్రోలో ఫోన్, రాత్రి చెయ్యి మడిచి తల కింద పెట్టుకోవడం, రెండూ అదే పని చేస్తాయి. మణికట్టుకు బ్యాండ్ వేస్తే ఏం లాభం?

రాత్రి మోచేతికి టవల్ వదులుగా చుట్టుకోండి, పూర్తిగా మడవకుండా ఉంటే చాలు. టేబుల్ అంచుకు మోచేయి ఆనించొద్దు. నరం తన దారిలో సాఫీగా జారేలా చేసే నర్వ్ గ్లైడింగ్ వ్యాయామాలు ఎవరైనా ఫిజియో దగ్గర ఒకసారి నేర్చుకుని చేయండి, వీడియో చూసి తిమ్మిరొచ్చేదాకా లాగితే ఇప్పటికే రేగి ఉన్న నరం ఇంకా రేగుతుంది. మెడ కూడా చూపించుకోండి, అక్కడ నరం నొక్కుకున్నా ఇవే వేళ్లు తిమ్మిరెక్కొచ్చు.

కూకట్‌పల్లి_అక్క:
నాది బొటనవేలి వైపు తమ్ముడూ. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకునేదాన్ని. మణికట్టు వంగకుండా స్ప్లింట్ వేసుకుని పడుకున్నాక తగ్గింది. డాక్టర్ షుగర్, థైరాయిడ్, బీ12 కూడా చూశారు, నువ్వూ చేయించుకో.

ఉప్పల్_కుర్రాడు:
థాంక్స్ అక్కా. మేడమ్, మరి ఎన్నాళ్లు చూడాలి?

ఫిజియో_దిల్‌సుఖ్‌నగర్:
నరం పైపొర మాత్రమే నలిగితే కొన్ని వారాల్లో కోలుకుంటుంది. లోపలి తీగలు దెబ్బతింటే మళ్లీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే, మోచేతి నుంచి వేలి దాకా లెక్కేసుకోండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పట్టుకుని ఎవరినైనా లాగమనండి. ఆపడానికి బొటనవేలి కణుపు వంగిపోతున్నా, ఆ రెండు వేళ్ల మధ్య కండ లోతుకు పోయినా ఆగొద్దు, న్యూరాలజిస్టు దగ్గరికెళ్లి నర్వ్ కండక్షన్ టెస్ట్ (నరంలో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే పరీక్ష) చేయించుకోండి. కండ బాగా ఎండాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రావడం కష్టం.

ఉప్పల్_కుర్రాడు:
కాగితం గట్టిగానే పట్టుకుంటున్నా మేడమ్. ఉప్పల్, నాగోల్ వైపు చేతుల కేసులు చూసే ఫిజియో ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.