పాత గ్రాఫ్లెక్స్‌ని కోసి లైట్‌సేబర్ చేయడం న్యాయమేనా?

పాతలెన్స్ (చర్చ మొదలుపెట్టింది):

మన కలెక్షన్ల విభాగంలో ఒక సభ్యుడు ఫోటోలు పెట్టారు. మొదటి ఫోటోలో గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ హ్యాండిల్, ఒరిజినల్, క్రోమ్ పూత ఎక్కడా లేవలేదు. రెండో ఫోటోలో దాని బల్బు సాకెట్, బ్యాటరీ కాంటాక్టులు పీకేసి టేబుల్ మీద పెట్టి ఉన్నాయి. మూడో దాంట్లో అదే గొట్టంలోంచి నీలం ఎల్‌ఈడీ బ్లేడు, అంటే ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని వెలుగు కత్తి, లైట్‌సేబర్. కింద అందరూ ‘కేక అన్నా’ అని రాశారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఆ సభ్యుణ్ని తప్పుపట్టడానికి కాదు, ఈ పద్ధతి గురించి మాట్లాడుకుందామని వేరే థ్రెడ్ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం: గ్రాఫ్లెక్స్ అమెరికాలోని రోచెస్టర్ ఊళ్లో ఉండిన కెమెరా కంపెనీ. వాళ్ల స్పీడ్ గ్రాఫిక్ కెమెరా దశాబ్దాల పాటు అక్కడి పత్రికా ఫోటోగ్రాఫర్ల చేతిలో ఉండేది. 1945లో జపాన్‌లోని ఇవో జిమా దీవిలో కొండ మీద అమెరికా సైనికులు జెండా ఎత్తుతున్న ఫోటోని జో రోసెంతల్ తీసింది దానితోనే. ఆ కెమెరా పక్కన బిగించే మూడు బ్యాటరీల ఫ్లాష్ హ్యాండిల్‌ని, ‘స్టార్ వార్స్’ (1977) సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక ఫోటోగ్రఫీ షాపులో చూశారు. దానికి నల్ల రబ్బరు పట్టీలు అంటించి, క్లాంపులో (హ్యాండిల్‌ని పట్టి ఉంచే బిగింపు పట్టీలో) ఒక పాత క్యాలిక్యులేటర్ ముక్క దూర్చారు. సినిమా హీరో లూక్ చేతిలోని లైట్‌సేబర్ అదే.

అప్పటినుంచి అభిమానులు ఒరిజినల్ హ్యాండిళ్లు వెతికి కొంటున్నారు. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ బ్లేడు పెట్టాలంటే లోపలిదంతా తీసేయాలి, స్క్రూ కోసం గొట్టానికి రంధ్రం వేయాలి. మళ్లీ వెనక్కి రాని పని అది. అచ్చం అలాగే ఉండే కొత్త రెప్లికా హ్యాండిళ్లు దొరుకుతున్నప్పుడు, పాతదాన్ని ఎందుకు కోయాలి? ఇదే నా ప్రశ్న.

గెలాక్సీ గుంటూరు:

పాతలెన్స్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఒప్పుకోను.

ఆ ప్రాప్ (సినిమాలో వాడే వస్తువు) పుట్టిందే ఇలా. బడ్జెట్ తక్కువ, కొత్తగా తయారు చేయించే స్తోమత లేదు. విమానాల తుక్కు కొని సెట్లకి తగిలించారు. అసలు ఆ సినిమా లోకం అంతా వాడేసి, నలిగిపోయినట్టు కనిపించడానికి కారణం అదే. లూక్ గురువు ఓబీవాన్ సేబర్ చూడండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి రైఫిల్ గ్రెనేడ్ ఒక ముక్క, రోల్స్‌రాయిస్ జెట్ ఇంజన్ పైపు ఒక ముక్క, వాష్‌బేసిన్ కుళాయి పిడి ఇంకో ముక్క. విలన్ వేడర్‌ది ఎంపీపీ అనే బ్రిటిష్ కంపెనీ ఫ్లాష్. ఇవన్నీ ఎవరో ఒకరు విడదీసి, అంటించి చేసినవే. మేం చేసేదీ అదే పని. రోజర్ క్రిస్టియన్ ఆ రోజు ‘పాత వస్తువు, పాడుచేయకూడదు’ అనుకుని ఉంటే ఈ థ్రెడ్ కూడా ఉండేది కాదు.

ఇంకో మాట. ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌లు వచ్చాక ఈ హ్యాండిళ్లని పట్టించుకున్నవాళ్లు ఎందరు? అటకల మీదా పాత సామాన్ల షాపుల్లోనూ పడి ఉండేవి. సినిమా వల్లే వాటికి విలువ వచ్చింది. విలువ వచ్చింది కాబట్టే జనం బయటికి తీసి, తుడిచి, దాచుకున్నారు.

డార్క్‌రూమ్:

‘పట్టించుకున్నవాళ్లు ఎందరు’ అన్నారు కాబట్టి రాస్తున్నా. నేను పట్టించుకుంటాను.

న్యూజెర్సీలో ఉంటాను, సెలవు దొరికితే స్పీడ్ గ్రాఫిక్‌తో ఫిల్మ్ మీద తీస్తాను. ఆ హ్యాండిల్ పని చేయడం మీరెవరైనా చూశారా? పైన రిఫ్లెక్టర్ బిగించి, సాకెట్లో బల్బు నొక్కి పెట్టాలి. ఎర్ర బటన్ నొక్కగానే కరెంటు రెండు పనులు చేస్తుంది. లెన్సు పక్కనున్న సోలినాయిడ్ (కరెంటుతో కదిలే అయస్కాంతపు మీట) టక్కున షట్టర్‌ని వదులుతుంది, అదే క్షణంలో బల్బు భగ్గుమంటుంది. గది మొత్తం తెల్లగా అయిపోతుంది. బల్బు గాజు వేడికి బుడగలు కట్టి మసకబారుతుంది, ఒక్కసారికే దాని పని అయిపోయింది. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టాలి. మీరు లైట్‌సేబర్‌కి అందంగా ఉందని మురిసిపోయే ఆ ఎర్ర బటన్ అసలు పని ఇది.

ఇప్పుడు నాకు ఒక సాకెట్ పాడైతే దొరకదు. దొరికినా లైట్‌సేబర్ ధర చెబుతారు. హ్యాండిల్ కావాలంటే వందల డాలర్లు. అమ్మేవాళ్లు ప్రకటనలో కెమెరా పేరు కూడా రాయడం మానేశారు, నేరుగా ‘లూక్ సేబర్’ అనే రాస్తున్నారు. విలువ వచ్చింది నిజమే, కానీ ఆ విలువ దాన్ని వాడేవాళ్ల దగ్గర్నుంచి దాన్ని లాగేసింది.

లేత్ బాలానగర్:

నేను లేత్ మీద పనిచేస్తాను. సేబర్ గొట్టాలు ఇత్తడితో, అల్యూమినియంతో చేసి ఇచ్చాను. సెంటిమెంట్ పక్కన పెట్టి పని సంగతి చెప్తా.

ఒరిజినల్ హ్యాండిల్ మూడు బ్యాటరీలు పట్టడానికి చేసింది. గోడ పల్చన. పైభాగం, కిందిభాగం రెండు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరతాయి. ఇన్నేళ్లలో ఎక్కడో ఒకచోట సొట్ట పడి ఉంటుంది, కాస్త కోలగా అయి ఉంటుంది. అందులోకి సౌండ్ బోర్డు, స్పీకరు, 18650 సెల్ (రీఛార్జ్ చేసుకునే బ్యాటరీ), బ్లేడు పట్టే రింగు దూర్చాలంటే ప్రతిదానికీ సైజు విడిగా అరగదీయాలి. రింగు గట్టిగా కూర్చోదు. బ్లేడుతో ఎవరైనా ఆడితే ఆ బరువంతా స్క్రూ రంధ్రం మీద పడి పల్చటి రేకు చిరుగుతుంది. కొత్త రెప్లికా హ్యాండిల్ అయితే ఎలక్ట్రానిక్స్ పెట్టడానికే లోపల చోటు వదిలి చేస్తారు. ఆడుకునే సేబర్ కావాలంటే ఒరిజినల్ చెడ్డ ఎంపిక. ఇది ఇష్టాయిష్టాల మాట కాదు.

షోకేసులో పెట్టుకోవడానికైతే వేరే సంగతి. రబ్బరు పట్టీలు డబుల్ టేప్‌తో అంటించండి, క్లాంపులో బబుల్ స్ట్రిప్ (ఆ క్యాలిక్యులేటర్ ముక్క) దూర్చండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు, హ్యాండిల్‌కి ఏమీ కాదు. కింద మూతకి రివెట్లు కొట్టి డీ రింగ్ (నడుముకి తగిలించుకునే D ఆకారపు రింగు) పెట్టేవాళ్లున్నారు, అది మాత్రం రంధ్రమే. నా దృష్టిలో గీత అక్కడ గీయాలి. తీస్తే పోయేది సరే, డ్రిల్లు వద్దు.

గెలాక్సీ గుంటూరు:

లేత్ అన్నా, పని గురించి మీరు చెప్పింది కాదనను. కానీ మీరంతా ఒక విషయం వదిలేస్తున్నారు.

రెప్లికా చేతిలో పట్టుకుంటే కొత్త వస్తువు పట్టుకున్నట్టే ఉంటుంది. ఒరిజినల్ పట్టుకుంటే ఆ కాలపు లోహం, ఆ గీతలు, అడుగున ఆ కంపెనీ ముద్ర. అదే ఫ్యాక్టరీలో, అదే అచ్చుల్లోంచి వచ్చిన వస్తువు తెర మీద లూక్ చేతిలో ఉంది. ఆ దగ్గరితనం కోసమే ఇంత ఖర్చు పెడతాం. క్యాలిక్యులేటర్ కోసం టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎగ్జాక్ట్రా వెతికి కొన్నవాణ్ని నేను. అప్పట్లో క్యాలిక్యులేటర్ అంకెలు చిన్నగా వెలిగేవి కాబట్టి పెద్దగా కనబడటానికి పైన బుడగల్లాంటి లెన్సుల పట్టీ పెట్టేవాళ్లు. క్లాంపులో మెరిసేది ఆ పట్టీయే. ప్లాస్టిక్‌తో పోత పోసినవి చవగ్గా వస్తాయి, అయినా నాకు అసలుదే కావాలనిపించింది.

పాతలెన్స్:

ఆ దగ్గరితనం నాకూ తెలుసు. నేనూ అదే సినిమా చూసి ఈ లోకంలోకి వచ్చాను. కానీ ఒక్కసారి చూడండి, మీరు కొన్నది సినిమాలో వాడిన వస్తువు కాదు. ఆ కంపెనీ చేసిన వేలాది హ్యాండిళ్లలో ఇంకోటి. దానికి దాని సొంత చరిత్ర ఉంది. ఏదో ఊళ్లో ఏదో పత్రిక ఫోటోగ్రాఫర్ పెళ్లిళ్లకీ, ప్రమాదాలకీ, ఎన్నికల సభలకీ మోసిన వస్తువు. దాన్ని కోసి, లూక్ చరిత్రని దాని మీద అతికిస్తే, నిజంగా జరిగిన చరిత్ర పోయి కల్పిత చరిత్ర మిగులుతుంది.

సినిమాలో వాడిన అసలు ప్రాప్‌ని మనం ఎలా చూస్తామో గుర్తు చేసుకోండి. ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ (1939)లో హీరోయిన్ వేసుకున్న ఎర్ర చెప్పులు నాలుగు జతలే మిగిలాయి. ఒక జతని 2005లో మిన్నెసోటాలోని మ్యూజియంలోంచి దొంగిలిస్తే ఎఫ్‌బీఐ 2018లో పట్టుకుంది. 2024 డిసెంబరులో ఆ జతే వేలంలో ఫీజులతో కలిపి 3.25 కోట్ల డాలర్లు పలికింది. స్మిత్‌సోనియన్ మ్యూజియం దగ్గరున్న జత రంగు వెలిసిపోతుంటే బాగుచేయడానికి జనం 3 లక్షల డాలర్ల పైనే చందాలిచ్చారు. ఒక్క పూస రాలకుండా చూస్తారు. 1940ల కెమెరా సామానుకి అందులో పదోవంతు మర్యాద అయినా ఇవ్వమనే నేనడిగేది.

సెక్షన్ 15:

చర్చ కాస్త పక్కదారి పట్టినా ఇక్కడ చెప్పాల్సిన మాట. ‘రెప్లికా కొనడం దొంగసరుకు కొనడంతో సమానం, అందుకే ఒరిజినలే వాడతాం’ అని ఇంకో థ్రెడ్‌లో ఒకరు రాశారు. అంత తేలికగా తేల్చలేం.

‘స్టార్ వార్స్’లోని సైనికుల (స్టార్మ్‌ట్రూపర్) హెల్మెట్లు అచ్చు తీసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత అవే హెల్మెట్లు సొంతంగా చేసి అమ్మితే ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ కేసు వేసింది. అమెరికా కోర్టు 2 కోట్ల డాలర్లు కట్టమంది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2011 జులైలో వేరేగా తేల్చింది. ఆ హెల్మెట్ శిల్పం కాదు, సినిమా తీయడానికి వాడిన ఉపకరణం, కాబట్టి శిల్పానికి ఉండే దీర్ఘకాలపు కాపీరైట్ దానికి లేదంది. అయితే అమెరికా కాపీరైట్‌ని అతిక్రమించాడన్న దావాని బ్రిటన్ కోర్టులోనే వినొచ్చని కూడా అంది. ఒకే వస్తువు మీద రెండు దేశాల్లో రెండు తీర్పులు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేసుకోదగ్గదాన్ని రిజిస్టర్ చేయకుండా పారిశ్రామికంగా 50 కంటే ఎక్కువసార్లు తయారు చేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. పేర్లు, లోగోలు వాడటం మళ్లీ ట్రేడ్‌మార్క్ సంగతి. గ్రాఫ్లెక్స్ హ్యాండిల్ ఆకారమైతే సినిమావాళ్లు కనిపెట్టింది కాదు కదా.

విశాఖ తీరం:

నాది వేరే రకం కలెక్షన్. పౌరాణికాల వైపు. ‘మాయాబజార్’ (1957)లో ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడి గద లాంటిది చేయించుకున్నాను. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి కర్ర. చెక్కాక అతుకుల మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కు పూసి ఆరబెట్టారు, ఆ తర్వాతే రంగు. చూడ్డానికి బండంత గద, ఎత్తితే పిల్లలు కూడా మోస్తారు.

మా వైపు ఈ తగువే రాదు, ఎందుకంటే ఆ గదలు, కిరీటాలు సినిమా కోసమే కళాకారులు చేసినవి. రెప్లికా కావాలంటే ఇంకో కళాకారుడి దగ్గరికే వెళ్తాం. ఒక పాత వస్తువు బలికాదు, ఒక చేతికి పని దొరుకుతుంది. లేత్ బాలానగర్ గారి లాంటివాళ్ల దగ్గర గొట్టం చేయించుకుంటే మీకూ అంతే కదా. గెలాక్సీ గారు అది ‘కొత్త వస్తువు’ అంటున్నారు. నా గద కూడా కొత్తదే. చేసినాయన పేరు నాకు తెలుసు, ఆయన చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను. నాకు ఆ దగ్గరితనం చాలు.

పాతలెన్స్:

ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి నేను అడిగేది సూటిగా చెప్తా. పనిచేసే హ్యాండిల్‌ని కోయకండి. సొట్టలు పడి, సాకెట్ కాలిపోయి, ఇక వెలగని హ్యాండిల్ అయితే ఏమైనా చేసుకోండి, నేను మాట్లాడను. కొనేముందు బ్యాటరీలు వేసి పరీక్షించడం ఐదు నిమిషాల పని. ఇప్పటికే కోసినవాళ్లు లోపలి సాకెట్లు, కాంటాక్టులు, రిఫ్లెక్టర్లు దయచేసి చెత్తలో వేయకండి. అమ్మకాల విభాగంలో పెట్టండి. డార్క్‌రూమ్ గారి లాంటివాళ్లకి అవే ప్రాణం.

గెలాక్సీ గుంటూరు:

డార్క్‌రూమ్ అన్నా, నా దగ్గర ఒక సాకెట్, స్ప్రింగుతో సహా కిందిమూత ఉన్నాయి. బాగున్నాయో లేదో మీటర్ పెట్టి చూసి ఫోటోలు పంపిస్తా, పోస్టేజీ మాత్రం మీరు పెట్టుకోండి. ఇన్‌బాక్స్‌లో అడ్రస్ ఇవ్వండి.

షోకేసు సేబర్‌కి ఒరిజినల్ వాడే విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా. డ్రిల్లు సంగతి లేత్ అన్న చెప్పినట్టే, ఈసారి డీ రింగ్ రివెట్లు కొట్టకుండా క్లిప్పుతో ఆగుతుందేమో చూస్తా. ఆ క్లిప్పు కొలతలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.