రోమ్ పతనం గురించి చదవాలంటే గిబ్బన్‌తో మొదలుపెట్టాలా?

నదీతీరం:
పోటీ పరీక్షల కోసం చదివిన ప్రపంచ చరిత్రలో, పశ్చిమ రోమన్ సామ్రాజ్యం క్రీ.శ. 476లో కూలిపోయిందన్న ఒక్క వాక్యమే నాకు గుర్తుంది. ఇప్పుడు తీరిక చిక్కింది కనుక ఆ వాక్యం వెనుక ఏముందో తెలుసుకోవాలని ఉంది. రోమన్ సామ్రాజ్య క్షీణత, పతనాలపై ఆంగ్ల చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన ఆరు సంపుటాలతో మొదలుపెట్టమని ఒక మిత్రుడు అంటుంటే, వాటికి కాలం చెల్లిందని మరొకరు వారిస్తున్నారు. ఎవరి మాట వినాలి?

పాతనాణెం:
గిబ్బన్‌తోనే మొదలుపెట్టండి. 1776 నుంచి 1788 వరకు వెలువడిన ఆ సంపుటాలు 1453లో తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమయ్యేదాకా కథను నడిపిస్తాయి కాబట్టి, 476 అసలు ముగింపే కాదని మీకు తెలిసివస్తుంది. తరువాతి చరిత్రకారులలో చాలామంది ఆయనతో ఏకీభవిస్తూనో విభేదిస్తూనో రాసినవారే. ఆయనను వదిలేసి ఆ వాదాలలోకి దిగడం పూర్వపక్షం వినకుండా సిద్ధాంతం వినడమే అవుతుంది. అంత ఓపిక లేకపోతే, క్రైస్తవ మత వ్యాప్తిని చర్చించిన 15, 16 అధ్యాయాలను, 38వ అధ్యాయం చివర పశ్చిమ సామ్రాజ్య పతనంపై ఆయన రాసిన సాధారణ పరిశీలనలను చదవండి.

దీపస్తంభం:
గిబ్బన్‌ను వచనం కోసం చదవాలి, కారణాల కోసం కాదు. క్రైస్తవం సైనిక స్ఫూర్తిని నీరుగార్చిందన్న ఆయన అభిప్రాయానికి ఒక్క ఎదురుప్రశ్న చాలు: పశ్చిమం కంటే తూర్పు సామ్రాజ్యంలోనే క్రైస్తవం బలంగా వేళ్లూనుకున్నది కదా, మరి అది ఇంకో వెయ్యేళ్లు ఎలా నిలిచింది? ఎ.హెచ్.ఎం. జోన్స్ 1964లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ఈ తూర్పు, పశ్చిమాల తేడాపై విస్తారమైన చర్చ ఉంది. అయితే కొత్త పాఠకులకు నేను ఇచ్చేది పీటర్ బ్రౌన్ 1971లో వెలువరించిన చిన్న పుస్తకం. క్రీ.శ. 150 నుంచి 750 వరకు గల కాలాన్ని ఆయన శిథిలాల కథగా కాక, సన్యాసులు, బిషప్పులు, చివరకు ఇస్లాం కూడా రూపు దిద్దుకున్న సృజనాత్మక యుగంగా చూపించారు.

ఏటిగట్టు:
బ్రౌన్ పుస్తకం నాకూ ఇష్టమే. కానీ అక్కడే ఆగితే, మనుషులు ఏమి నమ్మారో తెలుస్తుంది గాని, ఏ పాత్రలో తిన్నారో, ఏ కప్పు కింద పడుకున్నారో తెలియదు. బ్రయాన్ వార్డ్-పెర్కిన్స్ 2005లో రాసిన పుస్తకం పెంకులు, కుండలు, నాణేలు, పశువుల ఎముకలు ముందుపెట్టి మాట్లాడుతుంది. రోమన్ పాలన పోయాక బ్రిటన్‌లో కుమ్మరి చక్రమే వాడుక తప్పింది. దానిని పతనం అనక వట్టి పరివర్తన అనడానికి నాకు నోరు రావడం లేదు.

అదే ఏడాది వచ్చిన పీటర్ హెదర్ పుస్తకం కారణాల విషయంలో ఇంకా సూటిగా ఉంటుంది. నా దృష్టిలో కీలకమైన సంవత్సరం 476 కాదు, 410లో గోత్‌ల రాజు అలారిక్ రోమ్‌ను దోచిన ఘటనా కాదు. వాండల్స్ అనే జర్మానిక్ తెగవారు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరాన్ని పట్టుకున్న 439. ఉత్తర ఆఫ్రికా పశ్చిమ సామ్రాజ్యానికి ధాన్యం, నూనె, అన్నిటికంటే ముఖ్యంగా పన్ను ఇచ్చే గడ్డ. అది చేజారిన అయిదారేళ్లకే పశ్చిమ చక్రవర్తి మూడో వాలెంటీనియన్ ప్రభుత్వం, కొత్త సైనికులకు గాని పాతవారికి గాని కూడు, గుడ్డ సమకూర్చడానికి రాబడి చాలడం లేదని చట్టంలోనే ఒప్పుకొని, అమ్మకాలపై 24వ వంతు పన్ను వేసింది. జీతం లేని సైన్యం, సైన్యం లేని ప్రాంతం, ప్రాంతం పోయాక మళ్లీ తగ్గిన పన్ను, ఇలా ఆ చక్రం తిరిగింది. ఆఫ్రికాను తిరిగి గెలవడానికి 468లో తూర్పు చక్రవర్తి లియో పంపిన నౌకాదళాన్ని వాండల్స్ అగ్నినౌకలతో తగలబెట్టిన తరువాత, ఎనిమిదేళ్లకు, అంటే 476లో, సేనాని ఓడొయేకర్ పశ్చిమ బాల చక్రవర్తిని గద్దె దింపడం లాంఛనం మాత్రమే.

దీపస్తంభం:
బ్రిటన్ కుండలను చూపి సామ్రాజ్యమంతటికీ తీర్పు చెప్పడం న్యాయం కాదు, ఏటిగట్టు గారూ. ఉత్తర సిరియా సున్నపురాతి కొండలలో అయిదు, ఆరు శతాబ్దాల గ్రామాల రాతి ఇళ్లు, చర్చిలు శిథిలావస్థలోనైనా నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ రైతులకు పతనమనే మాట అర్థమయ్యేదే కాదు.

ఏటిగట్టు:
సిరియా విషయంలో ఒప్పుకుంటాను. వార్డ్-పెర్కిన్స్ కూడా తూర్పు సంగతి వేరని రాశారు. నా వాదన పశ్చిమానికే పరిమితం. వాతావరణం, మహమ్మారులే ప్రధానమనే కైల్ హార్పర్ 2017 నాటి పుస్తకాన్ని మాత్రం చివరికి ఉంచండి. 541లో మొదలైన, తూర్పు చక్రవర్తి జస్టీనియన్ కాలపు ప్లేగు నిజమే, జర్మనీలోని బవేరియా సమాధులలో దాని క్రిమి జన్యువులు దొరికాయి. కానీ పశ్చిమం అంతకు రెండు తరాల ముందే పోయింది.

పాతనాణెం:
వాండల్స్ ఆఫ్రికాను ఆక్రమించిన కథ గిబ్బన్ 33వ అధ్యాయంలో ఉంది. తరువాతి చరిత్రకారుడు బ్యూరీ సవరణల పాదసూచికలున్న ప్రతి తీసుకుంటే, గిబ్బన్ ఎక్కడ పొరబడ్డాడో కూడా అదే పుటలో కనిపిస్తుంది. నదీతీరం గారూ, ముందు ఆ ఒక్క అధ్యాయం చదివి వచ్చి చెప్పండి.